మూడు కోసుల సుట్టు

మా ఆయనకు కాళ్లు కదిల్తేనే నోరు కదుల్తది. ఈ సంగతి నాకు పెండ్లైన నెల రోజులకు తెలిసింది. ఇంట్ల ఉన్నంతసేపు "అన్నం పెట్టు", "నీళ్లియ్యి", "డ్యూటీకి పోతున్న", గీ మూడు మాటల మీదనే రోజు ఎల్లదీసేటోడు. మా అత్తమ్మ దానికే మురిసిపోయి "మా వాడు నోట్ల నాలిక లేనోడు" అని వాడకట్టంత చెప్పుకునేది. నాకేమో కడుపు మండేది. పుట్టిల్లు ఇడిసి వచ్చింది మొగనితోని నాలుగు మాటలు మాట్లాడుకుందామనిగని, మూగనోము పట్టనీకె కాదు గద!

ఆ నెలల్నే ఒకపారి మా తల్లిగారింటి నుంచి తిరిగొస్తున్నం. గండిమైసమ్మ దాటి జర దూరం వచ్చినంక బస్సు ఆగిపోయింది. డ్రైవర్ దిగి కింద మీద సూసి, ఇగ ఇది కదలదు అన్నడు. ఇంకో బస్సు ఎప్పుడొస్తదో ఎవలికి తెల్వది. "నడుద్దామా?" అని మా ఆయన సంచి భుజానికేసుకున్నడు. పది అడుగులు ఏసిండో లేదో, మాటలు మొదలువెట్టిండు. అమ్మమ్మో, ఇగ ఆగలే! కంపెనీల అట్టపెట్టెలు ఒత్తే మిషిన్ ఎట్ల మొరాయిస్తదో చెప్పిండు. చిన్నప్పుడు ఈతచెట్టు మీదికెళ్లి పడి మూడు దినాలు ఇంట్ల చెప్పకుంట కుంటింది చెప్పిండు. శామీర్‌పేట దిక్కు పోయే రోడ్డుకు లోపల ఒక అడివి ఉన్నదని, దాని నడుమ గుట్ట ఉన్నదని, గుట్ట సుట్టు పాత బండ్లబాట ఉన్నదని చెప్పిండు. యాడ మొదలువెడితే మల్ల ఆడికే తేలుతరట. మూడు కోసులు. అంటే తొమ్మిది పది కిలోమీటర్లు. సీతాఫలాల దినాలల్ల దోస్తులతోని పొద్దుగాల పోతే మాపటికి ఇల్లు చేరేటోళ్లట. "నిన్ను గూడ ఒక దినం తీస్కపోత" అన్నడు. మేడ్చల్ బస్టాండు కనవడంగనె టక్కున నోరు మూసిండు. ఇంటికి పోయినంక "అన్నం పెట్టు" అన్నడు.

ఆ దినం నుంచి నాకు ఒక్కటే ఆశ పట్టుకున్నది. ఈ మనిషితోని ఒక దినమంత నడవాలె. ఇద్దరమే. ఇంకెవ్వలు ఉండొద్దు.

చెప్పనీకె అల్కగనే ఉన్నది. అప్పుడు మేం అత్వెల్లిల ఉంటుంటిమి, తొంభైల మొదట్ల. రెండర్రల ఇల్లు. ముందటి అర్రల నేను, ఆయన, నా కుట్టుమిషిను. లోపలి అర్రల అత్తమ్మ, ఆడబిడ్డ. నడుమ తలుపు లేదు, పాత సీరె కట్టిన పరద. మేం గుసగుసలాడినా లోపలికెళ్లి అత్తమ్మ "ఏందే పిల్లా?" అనేది. ఆమె మంచిదే, పాపం, కని ఆమె చెవులు మాత్రం మహా గొప్పవి. ఒక్క ఆదివారం బయటికి పోదామంటే, ఏం పనికి అని అడుగుతరు. మాలాంటోళ్ల ఇండ్లల్ల పనిలేకుంట మొగడు పెండ్లాం కలిసి నడుసుడు అనేది యాడ ఉన్నది? కట్టెలకు పోతరు, దవకానకు పోతరు, సావుకు పోతరు. ఉత్తగ ఎవలు పోతరు?

పోతరు. నేను కండ్లార సూసిన. కొత్తగ పడ్డ కాలనీల కోస్తా నుంచి వచ్చిన ఒక మేడమ్ ఉండె, ఆమె భర్త బ్యాంకుల ఆఫీసరు. ఆమె జాకెట్లు నేనే కుడుతుంటి. ఒకపారి జాకెట్లు ఆదివారం పొద్దుగాల తెస్తనంటే ఆమె అన్నది, "ఆదివారం పొద్దున్నే వద్దమ్మా, మేమిద్దరం అడివి అంచుదాకా నడిచొస్తాం. తొమ్మిది దాటాక రా."

"ఏం తెచ్చుకుంటరు మేడమ్?" అని అడిగిన.

"తెచ్చుకోడానికి ఏముందీ? ఊరికే, కబుర్లు చెప్పుకుంటూ నడుస్తాం అంతే" అని నవ్వింది.

ఊరికేనట! ఇంటికొచ్చేదాక ఆ మాట నన్ను నమిలింది. ఆమె మీద కుళ్లు కాదు, అబద్ధమెందుకు, కుళ్లే. ఆమె బంగారం సూసి కుళ్లుకోలే, ఫ్రిజ్జు సూసి కుళ్లుకోలే. ఆ ఊరికే నడిసే ఆదివారం సూసి కుళ్లుకున్న.

ఇగ మేం ప్లాన్ ఏసుడు మొదలువెట్టినం. పొద్దుగాల అత్తమ్మ పాలకు పోయినప్పుడు, ఆడబిడ్డ నీళ్లకు పోయినప్పుడు, ఆ పావు గంటల. జాకెట్లు కత్తిరించే ఖాకీ కాగితం మీద నా గుర్తులు వెట్టే సుద్దతోని ఆయన గుట్ట గీసిండు, సుట్టు బాట గీసిండు. ఆయన ఫిట్టరు గద, ఏ పనైనా స్క్రూ స్క్రూ ఇప్పి సూస్తడు. ఎడమ దిక్కుకెళ్లి మొదలువెట్టాలె, గట్లయితే పొద్దటి ఎండ మొకానికి కొట్టది అన్నడు. ఆరింటికల్లా రోడ్డు దిగాలె. ఎనిమిదింటికి కుంట కాడ ఆగి సద్ది తినాలె. ఆ తర్వాత టేకుచెట్లు, నీడ బాగుంటది. గుట్ట ఎన్క దిక్కు రాళ్లబాట, గాడ మెల్లగ నడవాలె, చెప్పులు పనికిరావు, బూట్లు కావాలె. చేతుల కట్టె ఉండాలె, పాములుంటయి. నీళ్లు మనిషికి రెండు సీసలు, ఎందుకంటె కుంట నీళ్లు తాగేటియి కావు. నేను సర్వపిండి, ఉల్లిగడ్డ, నిమ్మకాయ తొక్కు అన్న. పన్నెండింటికి ముందే మల్ల రోడ్డెక్కుతం అన్నడు. ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, ఇంట్ల అడగనేలేదు, మాకు మాత్రం ఏ రాయి మీద కూసుండాల్నో గూడ ఖాయమైపోయింది. నేను మేడ్చల్ అంగట్ల తెల్ల బట్టబూట్లు గూడ కొనుక్కొని పెట్టె అడుగున దాసిన.

అప్పుడే నా నోరు నా కొంప ముంచింది. ఒకనాడు అత్తమ్మ బియ్యం ఏరుకుంట, ఏందే పిల్లా, మీరిద్దరు అడివి అడివి అనుకుంటున్నరు, ఏం పని ఆడ అని అడిగింది. పరద అవతలికి మా మాటలన్ని ఇనవడ్డయన్నట్టు! ఊరికే అని ఎట్లంట? ఏం తోచక, "మొక్కున్నదత్తమ్మా. ఆయనకు జ్వరమొచ్చినప్పుడు అడివిల మైసమ్మకు మొక్కుకున్న" అన్న. బండ్లబాట మొదట్ల వేపచెట్టు కింద మైసమ్మ రాయి ఉంటదని ఆయన చెప్పింది యాదికొచ్చి నోటికొచ్చింది అనేసిన. దేవుని పేరు చెప్తే ఇగ ఎవలు అడ్డం రారు అనుకున్న. నా తెలివి తెల్లారినట్టే ఉన్నది!

అత్తమ్మ చేట కిందపెట్టి రెండు చేతులు మొక్కింది. కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. "నా కొడుకు కోసం మొక్కినవా బిడ్డా" అన్నది. తర్వాత కండ్లు తుడుసుకొని, "యాటనా, కోడా?" అని అడిగింది.

"కోడి" అన్న, చిన్నగ.

"మరి ఇన్నొద్దులు చెప్పవేందే? మొక్కింది నువ్వైనా తీర్చేది ఇల్లంత. దొంగల లెక్క ఇద్దరు పోయి మొక్కు చెల్లిస్తరా? నలుగురు తినకపోతే అది మొక్కెట్లయితది?"

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆదివారం ఖాయం, కోడి ఖాయం, ట్రాలీ ఆటో ఖాయం. ఆయన ఇన్నడు. నా దిక్కు సూసిండు. నేను నేల సూసిన. అన్నం ముద్ద నోట్ల పెట్టుకొని నవ్వు ఆపుకోలేక పొలమారిండు. నాకు ఆయన నెత్తి మీద సెంబుతోని ఒక్కటి ఏద్దామన్నంత కోపమొచ్చింది.

బోనాలు అయిపోయినంక వచ్చిన ఆదివారం పోయినం. గిన్నెలు, బియ్యం, కట్టెలు, సాప, కోడి, కల్లు సీస. సందట్ల సడేమియా అని ఆడబిడ్డ ఇద్దరు దోస్తులను గూడ ఎక్కిచ్చుకున్నది. అత్తమ్మ రాయికి పసుపు పూసి బోనం పెట్టింది, రాయి ముందట కల్లు సాక పోసింది. ఆయన కోడి కోసిండు, పొయ్యికి రాళ్లు తెచ్చిండు. నేను పొగల కూసోని కండ్లు నలుపుకుంట అన్నం వండిన. వేపచెట్టు పక్కకెళ్లే బండ్లబాట లోపలికి పోతాంది. రెండు దిక్కుల పచ్చగ చెట్లు, నడుమ ఎర్రమన్ను. అది సూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. తిన్నంక అత్తమ్మ కునుకు తీస్తుంటే ఆయన వచ్చి "పా, జర దూరం సూసొద్దాం" అన్నడు. నలబై అడుగులు పోయినమో లేదో. "చిన్నప్పుడు గీడనే ఒక ఎలుగు..." అని ఆయన మొదలువెట్టిండు. ఎన్కకెళ్లి ఆడబిడ్డ, "వదినా! ఉప్పు డబ్బ యాడ వెట్టినవ్? జామకాయలకు కావాలె!" అని ఒర్రింది. ఆయన నోరు మూసుకున్నడు. ఆ ఎలుగు కత ఏందో తెలవనీకె నాకు పన్నెండేండ్లు పట్టింది.

ఎందుకంటె అది ఒక్కసారితోని పోలేదు. మా ఇంట్ల మొదలువెట్టిన మొక్కు ఆపొద్దట, ఆపితే తల్లికి కోపమొస్తదట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడన్నట్టు, ఆ మైసమ్మ నన్ను ఏమన్న అన్నదో లేదో గని, మా అత్తమ్మ మాత్రం ఒక్క ఏడు ఇడిసిపెట్టలే. ప్రతి ఏడు ఖాకీ కాగితం మీద ఆయన గుట్ట గీసేటోడు, ఈ ఏడు అందరు తిన్నంక మనం సుట్టు తిరిగి వద్దాం అనేటోడు. ఒక ఏడు నాకు ఏడో నెల. ఇంకో ఏడు చంకల పిల్ల. ఒక ఏడు వాన. ఆడబిడ్డ పెండ్లయి తూంకుంటకు పోయినంక ఇగ తక్కువ మంది ఉంటరనుకుంటే, ఆమె అత్తగారింటోళ్లను గూడ తోలుకొచ్చింది. మేం అత్వెల్లి నుంచి మేడ్చల్ల వేరే ఇంటికి మారినం, మూడర్రలు, తలుపులున్నయి. అయినా ఏం లాభం? ఆయన డ్యూటీ, అది అయినంక ఓటీ, నా మిషిను, పిల్లల బడి. మాట్లాడేటందుకు మనిషి దొరకాలె గద.

అత్తమ్మ రెండు వేలు దాటినంక నాలుగైదేండ్లకు పోయింది. నేను మస్తు ఏడ్సిన, నిజంగనే ఏడ్సిన, చివరి ఆరు నెలలు నేనే ఎత్తి దించిన. కని ఒక మాట చెప్పాలె, చెప్పకపోతే నాకు మనసున పట్టది. మనిషి పోయిన ఇంట్ల ఏడాదిదాక పండుగ లేదు, మొక్కు లేదు. పదకొండో దినం ఆ మాట ఎవలో అన్నరు. అనంగనె నా లోపల, అయితే ఈ ఏడు ఇద్దరమే పోవచ్చు అనిపిచ్చింది. ఆమె దీపం ముందట కూసోని గా మాట అనుకున్న. థూ నా బతుకు, అని నన్ను నేనే తిట్టుకున్న. తిట్టుకున్నంక గూడ ఆ ఆశ పోలే.

ఆయనకు చెప్పలేదు. ఆయనే వానకాలం ఎల్లంగ ఒకనాడు ఖాకీ కాగితం అడిగిండు. ఈసారి రోడ్డు కాడికెళ్లి బాటంత గీసుడు, ఎన్నింటికి యాడ ఉండాల్నో పక్కన రాసుడు, అంత పద్ధతిగ చేసిండు. పిల్లల్ని శనివారమే తూంకుంటకు పంపినం. ఎటు పోతున్నమో ఒకలికి చెప్పి పోవాలె అన్నడు, అందుకని ఆడబిడ్డకు చెప్పిన.

"ఈ ఏడు మొక్కు లేదు గద వదినా, ఏం పనికి?" అన్నది ఆమె.

"ఊరికే" అన్న. ఆ మాట అనుడు ఎంత బాగున్నదో!

పొద్దుగాల ఆరింటికి రోడ్డు దిగినం. పెట్టె అడుగున అన్నేండ్లు ఉన్న నా తెల్లబూట్లు, అర్ధగంటకే ఒకదాని అడుగు ఊసిపోయి నోరు తెరిసింది. ఆయన నవ్వుకుంట నా సంచిల ఉన్న బొంతదారంతోని కాలు సుట్టు కట్టిండు. ఆ బూటు కట్టుకుంటనే మొదలువెట్టిండు మాట్లాడుడు. ఎలుగు కత చెప్పిండు, అది ఎలుగు కాదట, ఎవలిదో నల్ల గొంగడట. పదో తరగతి లెక్కల మూడుసార్లు ఫెయిలైండట, పెండ్లిమాటలప్పుడు పాసైండని మా నాయినకు చెప్పిండ్రట, ఇన్నేండ్లు అది ఎప్పుడు బయటపడుతదో అని భయమేనట. "నేను ఏడో తరగతి గూడ పాస్ కాలే, నీకెందుకయ్యా గంత పరేషాన్?" అన్న. ఇద్దరం నిలవడి నవ్వినం.

కుంట కాడ సర్వపిండి తిన్నం. ఆడికెళ్లి లేసినంక టేకుచెట్ల నీడల నడుసుకుంట ఇంకొకటి చెప్పిండు. మా పెద్దపిల్ల పుట్టిన దినం ఆయన దవకానకు ఆలస్యంగ వచ్చిండు. డ్యూటీ ఇడవలేదన్నడు అప్పుడు. నేను నమ్మిన, కని కోపం మాత్రం పోలే. పెండ్లాం పానం మీదికొచ్చినా కంపెనీయే ఎక్కువైందా అని పదకొండేండ్లు లోపల మోసిన. డ్యూటీ కాదట. టైముకే వచ్చిండట. గేటు కాడికొచ్చి, లోపలికెళ్లి ఆడోళ్ల కేకలు ఇనవడితే కాళ్లు ఆడక, ఎదురుంగ చాయ్ బండి కాడ రెండు గంటలు నిలవడ్డడట. ఆరు చాయ్‌లు తాగిండట. "ఏమన్న అయితదేమోనని భయమైందే" అన్నడు, ముందట నడుసుకుంటనే, నా దిక్కు తిరగకుంట. ఆయన భుజం మీద చెయ్యేసి నడిసిన.

గుట్ట ఎన్క దిక్కు రాళ్లబాట దాటేసరికి పదకొండైంది. ఇంకో అర్ధకోసు నడిస్తే వేపచెట్టు, మైసమ్మ, రోడ్డు. ఒక మలుపు తిరిగినం. బాట మీద అడ్డంగ గోడ. కొత్త సిమెంటు గోడ, నా ఎత్తుకు రెండింతలు, మీద గాజుపెంకులు. అటు ఇటు సూపు ఆనినంత దూరం ఉన్నది. పక్కకెళ్లి ముండ్లకంప, లోయ. బాట గోడ కిందికి పోయి మాయమైంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏ సచ్చినోడు కట్టిండు? వాని చేతులు ఇరగ! పన్నెండేండ్ల నుంచి ఒక్క దినం, ఒక్క సుట్టు తిరుగుదామనుకుంటే, గిది గూడ మాకు లేకపాయె!" అని గోడను కాలితోని తన్నిన. దారం తెగి బూటు అడుగు ఊడి పక్కన పడ్డది. కూసోని ఏడ్సిన.

ఆయన మాత్రం నిమ్మలంగ రాయి మీద కూసోని నీళ్ల సీస తీసిండు. ఆశ్చర్యం లేదు, కోపం లేదు. అప్పుడు నాకు అనుమానమొచ్చింది.

"నీకు ముందే తెలుసా?"

తలకాయ ఊపిండు. పోయిన ఆదివారం ఓటీ అని చెప్పి, సైకిల్ మీద వచ్చి బాట మంచిగున్నదా లేదా అని మొత్తం నడిసి సూసి పోయిండట. ఆ దినమే గోడ సూసిండట.

"మరి చెప్పవేందయ్యా! చెప్తే ఇంకో దిక్కు పోకపోదుమా?"

"చెప్తే నువ్వు రావు" అన్నడు. సీస మూత బిగిచ్చిండు. తర్వాత, "సుట్టు తిరిగితే పన్నెండింటికే ఇల్లు చేరుతుంటిమి. ఇప్పుడు వచ్చిన తొవ్వనే ఎనక్కు పోవాలె. సాయంత్రమైతది" అన్నడు.

నేను కండ్లు తుడుసుకొని లేసిన. ఆయన తన రుమాలు చింపి నా కాలికి కట్టిండు. వచ్చిన తొవ్వనే తిరిగినం. ఈసారి నువ్వు చెప్పు అన్నడు. దినమంత వాగేదాన్ని, ఎన్నడు చెప్పనియి ఎన్ని ఉన్నయో నాకే తెల్వది. టేకుచెట్లు అయిపోయినయి, కుంట అయిపోయింది, నేను చెప్తనే ఉన్న, ఆయన ఊఁ కొడుతనే ఉన్నడు. ఐదున్నరకు రోడ్డు కనవడ్డది. ఆయన నోరు మూసుకున్నడు.

వచ్చే ఏడు మల్ల పోదాం అనుకున్నం. ఆ ఏడు కుదరలే, ఆ మీది ఏడు గూడ కుదరలే. ఆ తర్వాత ఒక దినం కంపెనీల మిషిన్ కాడ ఛాతి పట్టుకొని కూలవడ్డడు. నేను పోయేసరికే అంత అయిపోయింది. ఇన్నేండ్లు ఒక్క ఇంట్ల ఉన్నం, ఒక్క కుండల తిన్నం. కని ఆయన మాటలు ఏయి అని ఎవలన్న అడిగితే, ఆ బస్సు ఆగిన దినం, ఈ అడివి దినం, గంతే చెప్పగల్గుత.

ఆ గోడ ఎవలు కట్టిండ్రో నాకు ఇప్పటికి తెల్వది. ఆ దినం తిట్టిన తిట్లన్ని వాపసు తీసుకున్న. ఇప్పుడు నా కోపమంత ఒక్కటే. మేం తిరిగొచ్చేసరికి రోడ్డు దిక్కు గూడ ఇంకో గోడ ఎందుకు కట్టి పెట్టలే వాళ్లు? గీడ గూడ దారి లేకుంటే మల్ల ఎనక్కు తిరుగుతుంటిమి. నా వంతు అయిపోయింది గద, ఇగ ఆయన మాట్లాడుతుండె.